మంచినీళ్లు, పొయ్యి, సోలార్ కరెంటు: నలుగురికీ నేర్పేవాళ్లకు తరచుగా ఎదురయ్యే ప్రశ్నలు

శుభ్రమైన నీళ్ల గురించి, ఇంట్లో వాడుకునే సోలార్, బయోగ్యాస్ గురించి నలుగురికీ చెప్పే పని పెట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. టీచర్లు, ఆరోగ్య కార్యకర్తలు, మహిళా సంఘాల సభ్యులు, కాలేజీ పిల్లలు. వాళ్లు అడిగినవీ, వాళ్లను జనం అడిగినవీ కలిపి ఇక్కడ పెట్టాం. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. కొన్నిటికి లెక్క వేయాల్సి వస్తుంది. లెక్క వచ్చిన చోట దాటేయకండి, జనాన్ని ఒప్పించేది చాలాసార్లు అదే.

నీళ్ల పాఠం వేరు, కరెంటు పాఠం వేరు కదా. రెండూ కలిపి ఎందుకు చెప్పాలి?

ఇంట్లో అవి వేరుగా లేవు కాబట్టి. "నీళ్లు కాచి తాగండి" అని చెప్పడం తేలిక. ఆ మాట విన్న మనిషి వైపు నుంచి ఒకసారి లెక్క చూడండి. ఐదుగురున్న ఇంటికి తాగడానికి రోజుకు 10 లీటర్లు కావాలనుకుందాం. లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 314 కిలోజౌళ్ల వేడి కావాలి. కిలో ఎండు కట్టెలో దాదాపు 15,000 కిలోజౌళ్లు ఉంటాయి. అయితే మూడు రాళ్ల పొయ్యి మీద అందులో నూటికి పది, పదిహేను వంతులే గిన్నెకు చేరతాయి, మిగతాదంతా గాలిలో పోతుంది. ఆ లెక్కన లీటరుకు 170 గ్రాముల కట్టె, పది లీటర్లకు దాదాపు పావు తక్కువ రెండు కిలోలు. నెలకు 50 కిలోల పైమాటే, అదీ వంటకు వాడే కట్టె కాకుండా. ఆ మోపు ఎవరు మోయాలి, ఆ పొగ ఎవరు పీల్చాలి అన్నది చెప్పకుండా "కాచి తాగండి" అంటే సగం మాటే చెప్పినట్టు.

ఇలాంటి ముడి ఇంకా చాలా చోట్ల ఉంది. బోరు నీళ్లకు మోటారు కావాలి, ఆర్వో మిషన్‌కు కరెంటు కావాలి, బయోగ్యాస్‌కు పేడతో పాటు నీళ్లు కావాలి. నీళ్లకు చెప్పే పరిష్కారం ఇంధనం దగ్గర, ఇంధనానికి చెప్పే పరిష్కారం నీళ్ల దగ్గర ఆగిపోతుంది. రెండూ చూసేవాళ్లకే అది ముందుగా కనిపిస్తుంది.

మా నీళ్లు తేటగా, తియ్యగా ఉన్నాయి. ఇంకా పరీక్ష ఎందుకు?

నీళ్లలో రెండు రకాల ప్రమాదాలు ఉంటాయి. ఒకటి సూక్ష్మజీవులు: మలం ద్వారా చేరి కలరా, టైఫాయిడ్, కామెర్లు, విరేచనాలు తెచ్చేవి. రెండోది రసాయనాలు: ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్ లాంటివి. ఈ రెండూ కంటికి కనిపించవు, నాలుకకు తెలియవు.

దీనికి బంగ్లాదేశ్ కంటే పెద్ద పాఠం లేదు. చెరువు నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని అక్కడ 1970ల నుంచి లక్షల సంఖ్యలో చేతిపంపులు వేశారు. నీళ్లు చల్లగా, తేటగా వచ్చాయి. అయితే భూమిలోపలి పొరల నుంచి వచ్చే ఆర్సెనిక్ కూడా వాటితో పాటే వచ్చింది. అక్కడి పంపుల్లో అది ఉందని 1993లో గానీ బయటపడలేదు. ఆ తర్వాత సుమారు 50 లక్షల పంపులను పరీక్షించి, ఎక్కువ ఆర్సెనిక్ ఉన్నవాటికి ఎరుపు రంగు, తక్కువున్నవాటికి ఆకుపచ్చ రంగు వేశారు. చాలా చోట్ల ఎరుపు పంపుకు నాలుగిళ్ల అవతలే ఆకుపచ్చ పంపు ఉంది. ఆ రంగు చూసి ఎంతోమంది పక్కింటి పంపుకు మారారు. చదువు రాకపోయినా అర్థమయ్యే సమాచారం అంటే అలా ఉండాలి.

సూక్ష్మజీవుల కోసం పల్లెలో కూడా చేయగల తేలిక పరీక్ష ఒకటుంది. హెచ్2ఎస్ సీసా అంటారు. భారత శాస్త్రవేత్తలు 1982లో దీన్ని ప్రచురించారు. మందు పూసిన కాగితం ఉన్న చిన్న సీసాలో నీళ్లు పోసి, వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచుతారు. మలంతో కలుషితమైన నీళ్లయితే నల్లగా మారతాయి. పదిమంది ముందు సీసా నల్లబడితే మీరు గంటసేపు మాట్లాడక్కర్లేదు. ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్‌లకు మాత్రం కిట్ గానీ ల్యాబ్ గానీ తప్పదు. గుర్తుపెట్టుకోవాల్సిన హద్దులు ఇవి: ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ-కోలి అనే మలపు బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటి కూడా ఉండకూడదు.

ఏ బావితో జబ్బు వస్తోందో మామూలు మనుషులు కనిపెట్టగలరా?

కనిపెట్టగలరు. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా పుట్టినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చేసింది ఇదే. ఏ ఇంట్లో ఎవరు చనిపోయారు, వాళ్లు ఎక్కడి నీళ్లు తాగారు అని అడుగుతూ తిరిగి, చావులను పటం మీద గుర్తులు పెట్టాడు. గుర్తులు బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గుమిగూడాయి. సెప్టెంబరు 8న ఆ పంపు హ్యాండిల్ తీసేశారు. అప్పటికి కలరా క్రిమి సంగతి లోకానికి తెలియదు. స్థానిక పాస్టర్ హెన్రీ వైట్‌హెడ్ మొదట స్నో మాట నమ్మలేదు. తానే ఇల్లిల్లూ తిరిగి అడిగాక ఒప్పుకున్నాడు. నాకు ఈ కథలో స్నో కంటే వైట్‌హెడ్ ఎక్కువ నచ్చుతాడు. జనం ఆయనకు తెలుసు, ఆయన జనానికి తెలుసు. మీ బృందంలో అలాంటి మనిషి ఒకరు ఉండాలి.

మీరూ చేయొచ్చు. పెద్ద కాగితం మీద వీధులు, బావులు, పంపులు, మరుగుదొడ్లు, మురుగు కాలువలు అక్కడి వాళ్లతోనే గీయించండి. గత నెలలో విరేచనాలు అయిన ఇళ్ల మీద గింజలు పెట్టించండి. గింజలు ఎటు చేరుతున్నాయో వాళ్లే చెప్తారు.

టీడీఎస్ మీటర్‌లో తక్కువ వస్తే నీళ్లు మంచివేనా?

కాదు. ఆ మీటర్ నీటిలో కరిగిన లవణాలు మొత్తం ఎన్నో అంచనా చెబుతుంది, అంతే. క్రిములను చూడలేదు, ఆర్సెనిక్‌ను విడిగా చెప్పలేదు. మురుగు కలిసిన వాననీళ్లకు కూడా టీడీఎస్ తక్కువే వస్తుంది. లీటరుకు 600 మిల్లీగ్రాముల లోపు ఉంటే రుచి బాగుంటుంది, 1000 దాటితే తాగబుద్ధి కాదు. అది రుచి సంగతి.

దీనికి చుట్టమైన ఇంకో ప్రదర్శన ఉంది, దాని గురించి కచ్చితంగా చెప్పండి. మిషన్ అమ్మేవాళ్లు రెండు గ్లాసుల్లో ఇనుప కడ్డీలు ముంచి కరెంటు ఇస్తారు. కుళాయి నీళ్లు గోధుమరంగు బురదలా మారతాయి, ఆర్వో నీళ్లు మారవు. "చూశారా, మీరు తాగేది ఇదీ" అంటారు. ఆ బురద నీళ్లలోది కాదు, కడ్డీల నుంచి వచ్చిన ఇనుము. లవణాలున్న నీటిలో కరెంటు పారుతుంది కాబట్టి ఇనుము కరుగుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ, కరెంటు సరిగా పారదు. అదే ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చేయమనండి, అవీ బురదవుతాయి. భయపెట్టి అమ్మే చోట ఈ చిటికెడు ఉప్పు చాలా కుటుంబాలను కాపాడుతుంది.

నీళ్లు ఎంతసేపు మరగాలి?

బాగా తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉన్నవాళ్లు మూడు నిమిషాలు. పావుగంట, ఇరవై నిమిషాలు మరిగించాలన్న మాటతో కట్టెలు వృథా.

నిజానికి అంత వేడి కూడా అక్కర్లేదు. 65 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంటే జబ్బు తెచ్చే క్రిములు చచ్చిపోతాయి. పాలను పాశ్చరైజ్ చేసేది ఈ సూత్రంతోనే. చిక్కేమిటంటే 65 డిగ్రీలు వచ్చాయని కంటితో తెలియదు, తెర్లడం మాత్రం కనిపిస్తుంది. అందుకని చిన్న గాజు లేదా ప్లాస్టిక్ గొట్టంలో సుమారు 70 డిగ్రీల దగ్గర కరిగే మైనం పెట్టి నీటిలో వేలాడదీసే సాధనం ఒకటి తయారుచేశారు. పైనున్న మైనం కరిగి కిందికి జారితే నీళ్లు తాగొచ్చు. సోలార్ కుక్కర్‌లో నీళ్లు పెట్టేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. అక్కడ తెర్లేదాకా ఆగితే సగం రోజు పోతుంది.

ఎండలో సీసాలు పెడితే నీళ్లు శుభ్రమవుతాయంటున్నారు. నమ్మొచ్చా?

నమ్మొచ్చు, కాకపోతే పద్ధతి తప్పకూడదు. బీరూట్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో ఆఫ్తిమ్ ఆక్రా 1980 ప్రాంతంలో దీన్ని చూపించారు. 1991 నుంచి స్విట్జర్లాండ్‌లోని ఈవాగ్ సంస్థ పరీక్షించి చాలా దేశాలకు చేర్చింది. సోడిస్ అంటారు. రంగులేని, గీతలు పడని పెట్ ప్లాస్టిక్ సీసా (కూల్‌డ్రింకులు వచ్చేలాంటిది) కావాలి, రెండు లీటర్లకు మించకూడదు. నీళ్లు నింపి, అడ్డంగా పడుకోబెట్టి, నేరుగా ఎండ పడే చోట ఆరు గంటలు ఉంచాలి. ఆకాశం సగానికి పైగా మబ్బు పట్టి ఉంటే రెండు రోజులు. ముసురు పట్టిన రోజుల్లో ఈ పద్ధతి మానేయాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలూ, వేడీ కలిసి క్రిములను చంపుతాయి.

నీళ్లు కలకగా ఉంటే కిరణాలు లోపలికి పోవు. దానికి పరీక్ష: నిండు సీసాను న్యూస్‌పేపర్ హెడ్డింగ్ మీద నిలబెట్టి, మూతి దగ్గర నుంచి కిందికి చూడండి. అక్షరాలు చదవగలిగితే సరే. లేకపోతే ముందు తేరనిచ్చి, వడకట్టాలి.

ఒక్క పుల్ల కాల్చకుండా అయ్యే పని ఇది. అయినా ఇంటి మీద సీసాలు పరిచి ఉండటం కొందరికి పేదరికపు గుర్తులా అనిపిస్తుంది, పైకి అనరు గానీ. ఆ ఇబ్బందిని తీసిపారేయకండి. ముందు మీ ఇంటి మీద పెట్టి చూపించండి.

క్లోరిన్ వాసన వస్తోంది, మందు నీళ్లు తాగలేం అంటున్నారు. ఏం చెప్పాలి?

వాసన ఎక్కువగా ఉంటే మోతాదు ఎక్కువైందని అర్థం, వాళ్ల ఫిర్యాదు నిజమే. అరగంట తర్వాత లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే చాలు. అంత మాత్రం మిగలడం మంచిదే. బిందెలో పోశాక చెయ్యో గ్లాసో తగిలి క్రిములు చేరితే వాటినీ చంపుతుంది. కాచిన నీళ్లకు గానీ ఫిల్టర్ నీళ్లకు గానీ ఈ రక్షణ లేదు.

సువాసన కలపని, 5 శాతం క్లోరిన్ ఉన్న లిక్విడ్ బ్లీచ్ అయితే తేట నీటికి లీటరుకు రెండు చుక్కలు, కలిపి అరగంట ఆగాలి. మాత్రలైతే అట్ట మీద రాసినట్టు. కలక నీటిలో క్లోరిన్ బురద మీదే ఖర్చైపోతుంది, ముందు వడకట్టాల్సిందే.

బావికి లెక్క ఇలా. బావి వ్యాసాన్ని మీటర్లలో కొలిచి దానితో దాన్నే గుణించి, నీటి లోతుతో గుణించి, 3.14తో గుణించి, 4తో భాగిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. ఒక్కో ఘనపు మీటరుకు, అంటే వెయ్యి లీటర్లకు, 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ 2.5 గ్రాములు. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీళ్లున్న బావిలో 9,420 లీటర్లు ఉంటాయి, సుమారు 24 గ్రాములు సరిపోతుంది. చాలామంది బావిలోకి డబ్బాలకు డబ్బాలు దులుపుతారు, అది చూస్తే బాధేస్తుంది. పౌడర్‌ను బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట మాత్రమే తీసుకుని, బావిలోకి బకెట్ దించి పైకీ కిందికీ ఆడిస్తూ కలపాలి. కనీసం గంట ఆగాలి. రాత్రి వేస్తే పొద్దున్నకు ఇంకా మంచిది. మూత తీసి నెలల తరబడి ఉంచిన పౌడర్‌లో బలం ఉండదు.

పాత చీర గుడ్డతో వడకడితే ఏమన్నా లాభం ఉందా?

ఉంది, పూర్తిగా కాదు. బంగ్లాదేశ్‌లో రీటా కోల్వెల్ బృందం 65 గ్రామాల్లో చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. నాలుగు మడతలకు తక్కువ కాకుండా వేసిన పాత చీర గుడ్డతో నీళ్లు వడకట్టిన చోట్ల కలరా దాదాపు సగానికి తగ్గింది. కలరా క్రిమి నీటిలోని అతిచిన్న జంతువులను అంటిపెట్టుకుని ఉంటుంది, గుడ్డ వాటిని పట్టేస్తుంది. ఉతికి ఉతికి మెత్తబడిన పాత గుడ్డే కొత్తదానికంటే నయం, పోగులు విప్పారి రంధ్రాలు చిన్నవవుతాయి. విడిగా తిరిగే బ్యాక్టీరియాను, వైరస్‌లను గుడ్డ ఆపలేదు. కాబట్టి అది మొదటి మెట్టు. దాని తర్వాత ఎండో, క్లోరినో, పొయ్యో ఉండాలి.

ఫ్లోరైడ్ ఉంటే కాచి తాగితే పోతుందా?

పోదు, పెరుగుతుంది. ఈ ఒక్క మాట మాత్రం ఎవరూ మర్చిపోకుండా చెప్పండి. నీళ్లు ఆవిరవుతాయి, ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్ అందులోనే మిగిలిపోతాయి. నైట్రేట్ ఎక్కువున్న నీళ్లతో ఆరు నెలల లోపు పసిపిల్లలకు డబ్బా పాలు కలిపితే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది.

ఫ్లోరైడ్‌కు పటిక, సున్నం కలిపి తేరబెట్టే పద్ధతి ప్రపంచమంతటా "నల్లగొండ టెక్నిక్" పేరుతోనే తెలుసు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ దాన్ని తయారుచేసింది, ఆఫ్రికా దేశాలు కూడా వాడాయి. మోతాదు నీటిని బట్టి మారుతుంది, అడుగున మిగిలే మడ్డిని జాగ్రత్తగా పారబోయాలి. యాక్టివేటెడ్ అల్యూమినా, ఎముకల బొగ్గు కూడా ఫ్లోరైడ్‌ను పడతాయి, కొన్నాళ్లకు వాటి శక్తి అయిపోతుంది. ఆర్వో కూడా తీస్తుంది, కాకపోతే ఇంటి మిషన్లు చాలావరకు లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు వదిలేస్తాయి. నా మాట అడిగితే, వేరే మంచి నీటివనరు దొరికినా, వాననీళ్లు పట్టుకోగలిగినా అదే మొదటి దారి.

వాననీళ్లు ఎన్ని దొరుకుతాయి?

చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 50 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అంటే 40,000 లీటర్లు. పోయేది పోగా 32,000 చేతికొస్తాయి. ప్రతి వానలో మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల నీళ్లు బయటికి వదిలేయాలి, పిట్టల రెట్టలు, దుమ్ము అందులోనే ఉంటాయి. ట్యాంకుకు వెలుతురు చొరని మూత, దోమ దూరని జాలీ ఉండాలి.

శుద్ధి చేసిన నీళ్లే తాగుతున్నాం, అయినా పిల్లలకు విరేచనాలు ఆగట్లేదు. ఎందుకు?

ముందు బిందె చూడండి. కుళాయి దగ్గర మంచిగా ఉన్న నీళ్లు ఇంట్లో పాడవడం చాలా ఇళ్లలో జరిగేదే. వెడల్పు మూతి పాత్రలో గ్లాసు ముంచుతారు, గ్లాసుతో పాటు వేళ్లు మునుగుతాయి. ఇరుకు మూతి, మూత, కింద కుళాయి ఉన్న పాత్ర వాడితే సగం గొడవ తీరుతుంది. అది లేకపోతే పొడవాటి పిడి ఉన్న గరిటె, అది కింద పెట్టకుండా గోడకు తగిలించే మేకు. పాత్రను రెండు మూడు రోజులకోసారి సబ్బుతో లోపల తోమాలి, వేళ్లకు తగిలే జిగట పొరలోనే క్రిములు కాపురం ఉంటాయి.

తర్వాత చేతులు, మరుగుదొడ్డి. ఈ రెండూ సరిగా లేకుండా నీళ్లొక్కటే బాగుచేస్తే విరేచనాలు పూర్తిగా ఆగవు. ఈ మాట మొదటి రోజే చెప్పేయండి, లేకపోతే మూడో నెలలో "మీరు చెప్పినట్టే చేశాం, ఏం లాభం?" అంటారు. వాళ్ల కోపం న్యాయమైనదే అవుతుంది.

కట్టెపొయ్యి పొగతో నిజంగా అంత ప్రమాదమా? తరతరాలుగా వాడుతున్నాం కదా.

ఇంట్లోని పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో రెండు లక్షలకు పైగా ఐదేళ్లలోపు పిల్లలు. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బు, పిల్లల్లో న్యుమోనియా, ఇలా వస్తాయి ఆ చావులు. "పొగ వల్ల పోయింది" అని ఎవరూ అనరు కాబట్టి తరతరాలుగా ఎంతమంది పోయారో లెక్క లేదు.

ఈ మాటను పొయ్యి దగ్గర కూర్చునే మనిషిని తప్పుపట్టేలా చెప్పకండి. తెల్ల గుడ్డను పొయ్యి పైన రెండు రోజులు కట్టి ఉంచి, తర్వాత చేతికివ్వండి. పొయ్యి మార్చడం కుదరని ఇంట్లో కూడా చేయగలిగినవి ఉన్నాయి: బాగా ఎండిన, సన్నగా చీల్చిన కట్టె, గిన్నెకు మూత, పొగ పోయే దారి, పసిపిల్లను ఆ గదికి దూరంగా ఉంచడం.

బయోగ్యాస్ పెట్టాలంటే ఎన్ని పశువులుండాలి?

కిలో పేడకు సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. ఐదారుగురి వంటకు రోజుకు రెండు ఘనపు మీటర్లు కావాలి, అంటే 50 కిలోల పేడ, నాలుగైదు పెద్ద పశువులు. పేడ ఎంతో దాదాపు అంత నీళ్లు కలపాలి. మొదటిసారి నింపాక గ్యాస్ రావడానికి కొన్ని వారాలు పడుతుంది, చలికాలంలో తగ్గుతుంది. ఇవన్నీ ముందే చెప్పాలి. రోజూ 50 లీటర్ల నీళ్లు తేవడానికే కష్టపడే ఇంటికి, పశువులు మేతకు బయటే తిరిగే ఇంటికి బయోగ్యాస్ అంటగట్టడం అన్యాయం. అలా కట్టించి వదిలేసిన గుమ్మటాలు చూసినవాళ్లు మళ్లీ ఎవరి మాటా వినరు.

పశువులు లేకపోతే వంటింటి వ్యర్థాలతో నడిచే చిన్న డ్రమ్ము ప్లాంట్లున్నాయి, వాటితో మొత్తం వంట కాదు, ఒక పూటకు కొంత అవుతుంది. బయటికొచ్చే స్లర్రీ మంచి ఎరువు. పైపు లీకులను సబ్బు నురగతో చూడాలి, అగ్గిపుల్లతో కాదు. ఖాళీ చేసిన ట్యాంకులోకి కూడా మనిషి దిగకూడదు. లోపలి వాయువుకు క్షణాల్లో స్పృహ పోతుంది, కాపాడటానికి దిగినవాళ్లూ పోతారు.

మా ఇంటికి ఎంత సోలార్ కావాలి?

ముందు కాగితం తీసుకోండి. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు, ఐదు గంటలు: 180. తక్కువ కరెంటు తీసుకునే 30 వాట్ల ఫ్యాను పది గంటలు: 300. రెండు ఫోన్లు: 20. మొత్తం 500 వాట్-అవర్లు, అంటే అర యూనిట్. వైర్లలో, బ్యాటరీలో, దుమ్ముతో పోయేది మూడో వంతు దాకా ఉంటుంది కాబట్టి 700 తయారవ్వాలి. పూర్తి బలమున్న ఎండ రోజుకు నాలుగున్నర గంటలనుకుంటే 160 వాట్లు. 200 వాట్ల ప్యానెల్ పెట్టుకుంటే మబ్బు రోజులకు కొంత వెసులుబాటు. లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు. ఒక్క రాత్రికి 12 వోల్టుల 80 ఆంపియర్-అవర్లు, మధ్యలో మబ్బు రోజు ఒకటి వచ్చినా ఆగకూడదంటే 150 పైన. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 100 సరిపోతుంది.

ఈ లెక్క వేస్తుంటే అందరికీ తట్టేది ఒకటే: పాత 60 వాట్ల బల్బు, 75 వాట్ల ఫ్యాను ఉంచుకుని సోలార్ కొనడం దండగ. ముందు వాడకం తగ్గించే వస్తువులు, తర్వాత ప్యానెల్.

అదే లెక్కలో నీళ్లు కూడా చూడండి. ఎలక్ట్రిక్ కెటిల్‌లో లీటరు నీళ్లు మరగడానికి 0.1 యూనిట్, పది లీటర్లకు ఒక యూనిట్. అంటే పైన చెప్పిన ఇల్లంతా రెండు రోజులు నడిచే కరెంటు తాగునీళ్లు కాచడానికే పోతుంది. అదే ఎండ సీసాల మీద పడితే ఉచితంగా ఆ పని చేస్తుంది. ఏ పనికి ఏ శక్తి వాడాలన్నది ఇక్కడ తేలుతుంది.

ఎండ మండిపోతుంటే కరెంటు కూడా ఎక్కువ వస్తుందా?

వెలుతురు ఎక్కువైతే ఎక్కువ వస్తుంది, వేడి ఎక్కువైతే తగ్గుతుంది. ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. 65 డిగ్రీలకు వేడెక్కిన ప్యానెల్ 12 నుంచి 16 శాతం పోగొట్టుకుంటుంది. అందుకే కప్పుకు అంటించకుండా కింద గాలి ఆడేలా జానెడు ఎత్తున పెట్టాలి. ఒక మూల కొమ్మ నీడ పడినా కరెంటు బాగా పడిపోతుంది. దుమ్మును పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో తుడవాలి.

పాడైన బ్యాటరీని ఏం చేయాలి?

కొన్నచోటే తిరిగి ఇవ్వండి. ఇంటి దగ్గర పగలగొట్టి సీసం కరిగించనివ్వకండి. సెనెగల్‌లో డాకర్ శివారు తియారోయ్-సుర్-మెర్‌లో పాత బ్యాటరీల నుంచి సీసం తీసే పని ఇళ్ల మధ్యే జరిగింది. 2007 నవంబరు, 2008 మార్చి మధ్య అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు. మట్టిలో కలిసిన సీసం పిల్లల చేతులకు అంటి నోట్లోకి పోయింది. శుభ్రమైన కరెంటు గురించి చెప్పే మనం ఈ సంగతి దాచకూడదు.

లెడ్ బ్యాటరీ ఉన్న గదికి గాలి ఆడాలి, చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్, కుళాయి నీళ్లు కాదు.

చదువు రానివాళ్లు ఈ రిపేర్లు నేర్చుకోగలరా?

రాజస్థాన్‌లోని తిలోనియాలో బంకర్ రాయ్ 1972లో మొదలుపెట్టిన బేర్‌ఫుట్ కాలేజీ దీనికి జవాబు. అక్కడికి అనేక దేశాల పల్లెల నుంచి నడివయసు ఆడవాళ్లు, అమ్మమ్మలు వచ్చి ఆరు నెలల్లో సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్చుకున్నారు. చాలామందికి చదువు లేదు, ఒకరి భాష ఇంకొకరికి రాదు. రంగుల గుర్తులు, సైగలు, చేతితో చేసి చూపడం, అంతే. అమ్మమ్మలనే ఎందుకు ఎంచుకున్నారంటే, నేర్చుకున్నాక పట్నానికి వెళ్లిపోరు, ఊళ్లోనే ఉంటారు.

మొదట్లో బాగా చేస్తారు, ఆరు నెలలకు మానేస్తారు. ఏం చేయాలి?

ఎందుకు మానేశారో అడగండి, తిట్టకండి. మేము అడిగినప్పుడు చాలాసార్లు వచ్చిన జవాబు "మర్చిపోయాం" కాదు. కుళాయి వాషర్ పోయింది, ఫిల్టర్ నుంచి నీళ్లు సన్నగా వస్తున్నాయి, బ్యాటరీకి వెళ్లే సోలార్ కరెంటును అదుపుచేసే చార్జ్ కంట్రోలర్‌లో ఎర్ర లైటు వెలిగింది, ఎవరిని పిలవాలో తెలియలేదు. ఇవి నేర్పుతో తీరేవి కావు, విడిభాగాలతో, దగ్గరున్న మనిషితో తీరేవి. అందుకే ఏ వస్తువైనా పెట్టించే ముందే మూడు సంగతులు తేల్చుకోవాలి: అరిగే భాగం ఎక్కడ దొరుకుతుంది, ఎవరు మారుస్తారు, ఆ ఖర్చు ఏ డబ్బులోంచి. ఉమ్మడి పంపుకైతే నెలనెలా కొంత వేసుకునే నిధి, దాని లెక్క అందరికీ కనిపించేలా గోడ మీద.

మొదటి సమావేశానికి ఏం పట్టుకెళ్లాలి?

చార్టులు తక్కువ, వస్తువులు ఎక్కువ. రెండు హెచ్2ఎస్ సీసాలు, ఒక న్యూస్‌పేపర్, రెండు తేట ప్లాస్టిక్ సీసాలు, పాత మెత్తటి గుడ్డ, ఒక చిన్న ప్యానెల్, ఒక ఎల్ఈడీ బల్బు, కొలిచే టేపు. నీళ్లు మీరు తీసుకెళ్లొద్దు, వాళ్ల ఇళ్లలో తాగే బిందె నుంచే అడిగి పోయించుకోండి. హెచ్2ఎస్ సీసాలను అక్కడి వాళ్లలోనే ఒకరి ఇంట్లో పెట్టి, వాటిని చూడటానికి మూడో రోజు మళ్లీ వస్తామని చెప్పండి. ఆ రోజు తప్పకుండా వెళ్లండి.